చవక గన్ను ఖరీదు ఎంత?



మృగశిర కార్తె దగ్గర పడిందంటే మన షోలాపూర్ తూర్పు భాగంలో హార్డ్‌వేర్ దుకాణాల ముందు రెండు వస్తువులు వేలాడుతుంటాయి. ఒకటి తాడ్‌పత్రి. రెండవది సిలికాన్ గన్ను. సాఖర్ పేట పాత ఇళ్ళ నుంచి నీలం నగర్, కుచన్ నగర్ స్లాబు ఇళ్ళ దాకా, పత్రా కప్పు కింద నాలుగు సాంచాలు పెట్టుకున్న కుటుంబం నుంచి అప్పు చేసి చిన్న ఫ్లాటు తీసుకున్న కుటుంబం దాకా అందరిదీ అప్పుడు ఒకటే ఆలోచన. కిటికీ అంచున, పత్రాల అతుకులో, మోరీ మూలన ఉన్న సందును వాన పడేలోగా ఎలా మూయాలి?

సందు మూయడానికి గన్ను కొనడం మంచిదే. మిస్త్రీ కోసం నాలుగు రోజులు తిరిగే కంటే మన పని మనం చేసుకోవడం మేలు. కాని మనలో చాలామంది కొంటున్న గన్ను మంచిది కాదు. ఇంటికొకటి చొప్పున విడివిడిగా కొనడం అంతకన్నా మంచిది కాదు. గన్నుతో ఏ సందు మూయాలో, ఏది మూయకూడదో తెలియకపోవడం అన్నిటికంటే నష్టం. ఈ మూడు మాటలు చెప్పడానికే ఈ వ్యాసం.

"కార్యదర్శిగారూ, యూనియన్ పత్రికలో బోనసు గురించి, పి.ఎఫ్. గురించి రాయాలి గాని గన్ను గురించి ఏమిటి?" అని కొందరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నా జవాబు ఇది. గేటు ముందు నిలబడి, నినాదాలు చేసి, పగారులో పెంచుకున్న రూపాయి పనికిరాని సరుకు మీద పోతే, ఆ పోరాటంలో అంత భాగం వ్యర్థమైనట్టే. యజమాని కోసే కోతను లెక్కపెట్టే మనం బజారు కోసే కోతను కూడా లెక్కపెట్టాలి.

మిల్లు నేర్పిన పాఠం

పనిముట్టు సంగతి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. నేను సాంచాల మీద పనిచేసిన మిల్లులో ఒక దశలో స్టోర్సు వాళ్ళు చవక పిక్కర్లు తెప్పించడం మొదలుపెట్టారు. పాత పిక్కరు నెలలు నడిచిన చోట కొత్తది రోజుల్లో చీలిపోయేది. నాడె సరిగా పోయేది కాదు, పోగులు తెగేవి, గుడ్డలో డాగులు పడేవి. డామేజీ మాత్రం నేతగాడి ఖాతాలో రాసేవారు. లోపం సరుకులో ఉంటే కోత మా పగారులో పడేది. దాని మీద మేము గట్టిగా మాట్లాడాము. పనిముట్టు మంచిది ఇవ్వకుండా పని మంచిది అడగకూడదని వాదించాము.

ఇంత తెలిసిన మనిషే ఇంటికి వచ్చాక దుకాణంలో "అన్నింట్లో తక్కువది ఇవ్వు" అంటున్నాడు. మిల్లులో యజమాని చేసినప్పుడు తప్పు అనిపించింది ఇంట్లో మనం చేస్తే ఒప్పు ఎలా అవుతుంది?

చవక గన్ను వల్ల పోయేది గన్ను డబ్బు ఒక్కటే అయితే ఇంత రాయనక్కరలేదు. రేకు పలుచగా ఉన్న గన్ను ఒత్తిడికి వంగిపోతుంది. ముందు బిళ్ళ పక్కకు ఒరిగి ట్యూబు వెనుక నుంచి సిలికాన్ బయటకు వస్తుంది. ట్యూబు సగం పాడు. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పడుతుంది. సన్నగా పడ్డ చోటే వాన లోపలికి వస్తుంది. మళ్ళీ గీకి, మళ్ళీ ట్యూబు కొని, మళ్ళీ ఒక సెలవు రోజు పోగొట్టుకోవాలి. గన్నులో మిగిలిందనుకున్న డబ్బు ట్యూబులో పోతుంది, ట్యూబులో పోనిది సెలవు దినంలో పోతుంది.

కడ్డీని చూడండి

గన్ను చేసే పని చాలా చిన్నది. ట్యూబు అడుగున ఒక ప్లాస్టిక్ మూత ఉంటుంది. మీట నొక్కినప్పుడల్లా గన్ను కడ్డీ ఆ మూతను కొంచెం కొంచెంగా ముందుకు తోస్తుంది. మందు ముక్కులోంచి బయటకు వస్తుంది. అంతే. ఆ తోయడం రెండు విధాలుగా జరుగుతుంది.

మొదటిది పళ్ళ కడ్డీ. సాంచా మీద గుడ్డ చుట్టే రోలరు పక్కన పళ్ళ చక్రం, అది వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం మనందరికీ తెలుసు. పోటు పోటుకూ కొంచెం ముందుకు జరుగుతుంది, వెనక్కి రాదు. పళ్ళ కడ్డీ గన్నుదీ అదే పద్ధతి. అందులోనే దాని లోపమూ ఉంది. మీట వదిలినా కడ్డీ మీద ఒత్తిడి పోదు, మందు కారుతూనే ఉంటుంది. ఆపాలంటే కడ్డీని తిప్పి, పళ్ళను కొక్కెం నుంచి విడిపించాలి. నిచ్చెన మీద ఒక చేత్తో కిటికీ పట్టుకున్న మనిషికి ఇది తేలిక కాదు. గీత అయిపోయిన తరువాత కూడా ముక్కు నుంచి బొట్టు బొట్టుగా కారి టైలు మీద, బట్టల మీద పడుతుంది.

రెండవది నున్నటి కడ్డీ. దీనికి పళ్ళుండవు. లోపల ఒక చిన్న ఇనుప బిళ్ళ కొంచెం వాలి, కడ్డీని కరచిపట్టుకుని ముందుకు తోస్తుంది. మీట వదిలితే పట్టు వదులుతుంది. మంచి రకంలో మీట వదలగానే కడ్డీ తనంతట తానే రవ్వంత వెనక్కి జరిగి ఒత్తిడి తీసేస్తుంది. దుకాణాల్లో దీన్ని డ్రిప్‌లెస్ అంటారు, అంటే కారనిది. దీన్ని తీసుకోండి. గీత సమంగా పడుతుంది, మందు దండగ కాదు. కడ్డీ గుండ్రంగా ఉన్నా, ఆరు పలకలుగా ఉన్నా పట్టింపు లేదు.

10:1 అంటే ఏమిటి?

కొంచెం మంచి గన్నుల మీద లేదా వాటి అట్ట మీద 10:1, 12:1, 18:1, 26:1 అని అంకెలు ఉంటాయి. దుకాణదారు వాటి గురించి చెప్పడు, మనం అడగం. అసలు చూడవలసింది అదే.

మీట మీద మన చెయ్యి వేసే బలాన్ని గన్ను ఎన్ని రెట్లు చేసి కడ్డీ మీద పెడుతుందో ఆ అంకె చెబుతుంది. చెయ్యి 10 కిలోల బలం వేస్తే 10:1 గన్ను సుమారు 100 కిలోలుగా, 18:1 గన్ను సుమారు 180 కిలోలుగా తోస్తుంది. అంకె పెరిగితే చేతికి శ్రమ తగ్గుతుంది. అయితే ఒక్కో నొక్కుకు కడ్డీ జరిగే దూరం కూడా తగ్గుతుంది, కాబట్టి ఎక్కువసార్లు నొక్కాలి. ఇది గునపంతో రాయి లేపే లెక్కే. బలం లాభమైతే దూరం నష్టం.

గోడ పగుళ్ళకు వాడే పలుచటి అక్రిలిక్ మందుకు 10:1 లేదా 12:1 సరిపోతుంది. స్లాబు అతుకుల్లో వేసే చిక్కటి పాలీయురెథేన్ మందుకు 18:1 కంటే తక్కువ గన్నుతో దిగితే చెయ్యి పడిపోతుంది. సిలికాన్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 26:1 రకం రోజంతా చిక్కటి మందుతో పనిచేసే వాళ్ళకు, మన ఇంటి పనికి అంత అవసరం లేదు.

నా సలహా 18:1. కారణం మన చేతులే. ముప్పయ్యేళ్ళు సాంచా చేతిపట్టు లాగినవాడి మణికట్టు, కండెలు చుట్టీ చుట్టీ వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయిన అక్కల చేతులు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. షిఫ్టులో పదిమంది బలం యంత్రానికి ఇచ్చి వచ్చిన చెయ్యి ఇంట్లో గన్నుతో కుస్తీ పట్టనక్కరలేదు. గన్ను మీద గాని అట్ట మీద గాని ఏ అంకే లేకపోతే అది తక్కువ రకమనే అనుకోండి.

దుకాణంలోనే పరీక్ష

గుడ్డ తాను విప్పి వెలుతురుకు పట్టి చూసే వాళ్ళం మనం. గన్నును కూడా అలాగే చూడాలి. ఖాళీ గన్నుతోనే ఐదు పరీక్షలు చేయవచ్చు.

ఒకటి, మీటను పదిసార్లు నొక్కండి. ప్రతి నొక్కుకూ కడ్డీ సమంగా జరగాలి. రెండుసార్లు జరిగి మూడవసారి జారితే పక్కన పెట్టండి.

రెండు, కడ్డీ చివర ఉన్న గుండ్రటి బిళ్ళను చూడండి. అది నిటారుగా, మధ్యలో ఉండాలి. వేలితో కదిపితే కొంచెం ఆడినా ఫరవాలేదు గాని, ఒక పక్కకు వాలిపోకూడదు. వాలే బిళ్ళ ట్యూబు మూతను వంకరగా తోస్తుంది. మందు వెనుకకు వచ్చేది దానివల్లే.

మూడు, చట్రాన్ని రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. అస్థిపంజరంలా రెండు బద్దలు మాత్రమే ఉన్న చట్రం చవకలో దొరుకుతుంది. పలుచటి రేకుది అయితే మెలి తిరుగుతుంది. అర్ధచంద్రాకారపు దోనెలాంటి చట్రం ట్యూబును కింది నుంచి మోస్తుంది, కాబట్టి నిలకడగా ఉంటుంది. బద్దల చట్రమే కొనవలసివస్తే మందపు రేకుది ఎంచుకోండి. ట్యూబు చుట్టూ గన్ను తిరిగే రకం దొరికితే మూలల్లో పనికి సుఖం.

నాలుగు, మీట అంచులను వేలితో తడమండి. రేకు మడిచిన అంచు కోసుకునేలా ఉంటే, మీటకూ పిడికీ మధ్య చర్మం నలిగేలా ఉంటే వద్దు. ఇంట్లో ఆడవాళ్ళు కూడా వాడేదైతే వాళ్ళనే వెంట తీసుకువెళ్ళి పట్టి చూడమనండి. మగవాడి చేతికి సరిపోయే మీట చిన్న చేతికి అందకపోవచ్చు.

ఐదు, దుకాణంలో ఉన్న ట్యూబునే అందులో పెట్టి చూడండి. మన దగ్గర దొరికే ట్యూబులు ఎక్కువగా 280 నుంచి 310 మిల్లీలీటర్లవి. వాటికి సరిపోయే గన్ను చాలు. 600 మిల్లీలీటర్ల మెత్తటి సంచీ ట్యూబులకు వాడే గొట్టం గన్ను, బ్యాటరీ గన్ను కాంట్రాక్టర్లకు.

ముక్కు కోసే చిన్న కత్తెర, లోపలి పొర పొడిచే తీగ, నిచ్చెనకు తగిలించే కొక్కెం కొన్ని గన్నులకు ఉంటాయి. ఉంటే సంతోషం. వాటికోసం ఎక్కువ ఇవ్వవద్దు. ముక్కు కోయడానికి బ్లేడు, పొర పొడవడానికి మేకు మన ఇంట్లో ఉన్నవే.

గన్ను మంచిదైతే చాలదు

మంచి గన్నులో తప్పు ట్యూబు పెడితే మంచి సాంచా మీద కుళ్ళిన నూలు ఎక్కించినట్టే. ఈ విషయంలో మన వాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది పుల్లటి సిర్కా వాసన వచ్చే సిలికాన్ దగ్గర. అది చవక, త్వరగా గట్టిపడుతుంది, గాజు మీద, గ్లేజు టైలు మీద బాగా పట్టుకుంటుంది. కాని సిమెంటు మీద సరిగా పట్టదు. జింకు పూత ఉన్న పత్రాను, అద్దం వెనుక పూతను అందులోని ఆమ్లం తినేస్తుంది. పత్రా అతుకుకు అది పూస్తే ఇవాళ సందు మూసుకుంటుంది, కొన్నాళ్ళకు అక్కడే తుప్పు మొదలవుతుంది. పత్రాకూ సిమెంటుకూ న్యూట్రల్ రకం సిలికాన్ అడగండి. ట్యూబు మీద రాసి ఉంటుంది.

సిలికాన్ మీద రంగు నిలవదు. గోడ పగులుకు, దర్వాజా చౌకట్టు పక్క సందుకు అక్రిలిక్ మందు వాడితే పైన సున్నమో రంగో వేసుకోవచ్చు. నీళ్ళు నిలిచే మోరీలో మాత్రం అక్రిలిక్ పనికిరాదు. స్లాబు మీద ఎండకూ వానకూ కదిలే అతుకుల్లో పాలీయురెథేన్ మంచిది. తెల్ల సిమెంటు, ఎం-సీల్ గట్టిపడి రాయిలా అవుతాయి. కదలని గొట్టానికి ఎం-సీల్ సరే. మన ఎండలకు పత్రా మధ్యాహ్నం సాగి రాత్రికి ముడుచుకుంటుంది. అక్కడ రాయిలాంటిది నిలవదు, రబ్బరులాంటిదే నిలుస్తుంది. కొనేముందు ట్యూబు మీద గడువు తేదీ చూడండి. గడువు దాటిన ట్యూబును ఏ గన్నూ బాగుచేయలేదు.

ఇక డబ్బు అసలు ఎక్కడ పోతుందో చూడండి. ముక్కును లావుగా కోసి 6 మిల్లీమీటర్ల గుండ్రటి గీత వేస్తే 300 మిల్లీలీటర్ల ట్యూబు సుమారు 10 మీటర్లు వస్తుంది. అదే ముక్కును సన్నగా కోసి 3 మిల్లీమీటర్ల గీత వేస్తే 40 మీటర్లు దాటుతుంది. లావు సగమైతే దూరం నాలుగింతలు. కాబట్టి సందు వెడల్పు కంటే రవ్వంత చిన్నగా, ఏటవాలుగా ముక్కు కోయండి. మొదట చిన్నగా కోసి, చాలకపోతే మళ్ళీ కోయవచ్చు. ఎక్కువ కోసింది అతకదు.

సందులో పాత మందు, దుమ్ము, సబ్బు జిడ్డు, తడి ఏదీ ఉండకూడదు. గీకి, తుడిచి, ఆరనివ్వండి. గన్నును ఆపకుండా ఒకే వేగంతో నడపండి. పై పొర కట్టేలోపు సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒక్కసారి లాగండి. సిలికాన్ పైన పదీ ఇరవై నిమిషాల్లో పొర కడుతుంది గాని లోపల రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పునే గట్టిపడుతుంది. పొద్దున వేసి సాయంత్రం స్నానం చేస్తే పని చెడినట్టే. పని అయ్యాక ట్యూబు ముక్కులో మేకు గుచ్చి పెట్టండి. కడ్డీకి ఒక చుక్క మిషను నూనె వేయండి, ఆ నూనె చెయ్యి మాత్రం సందుకు తగలనివ్వవద్దు. నూనె ఉన్నచోట మందు పట్టదు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. తలుపు మూసిన మోరీలో సిర్కా వాసన సిలికాన్ వారికి మంచిది కాదు. పాలీయురెథేన్ ఆవిరి అసలే మంచిది కాదు. అలాంటి వారు ఈ పని పిల్లలకు అప్పగించి బయట కూర్చోవాలి. చేసేవాళ్ళు కిటికీలు తెరిచి చేయాలి.

ఇంటికొకటి ఎందుకు?

"ఏడాదికి ఒకసారి వాడేదానికి అంత డబ్బు ఎందుకు?" అనేవాళ్ళు ఉన్నారు. ఆ మాటలో నిజం ఉంది. నేను దాన్ని తోసిపుచ్చను. కాని దానికి జవాబు చవక గన్ను కాదు, ఉమ్మడి గన్ను.

లెక్క చూడండి. పలుచటి రేకు గన్ను నూటయాభైకి అటూ ఇటూ దొరుకుతుంది. పది ఇళ్ళవాళ్ళు పది కొంటే 1,500 రూపాయలు. పదీ రెండేళ్ళలో అటక మీద తుప్పు పడతాయి. నున్నటి కడ్డీ, గట్టి చట్రం ఉన్న మంచి గన్ను ఆరు వందలు అనుకుందాం. పది ఇళ్ళకు పంచితే ఇంటికి 60 రూపాయలు. చూసుకుని వాడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. ట్యూబు ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటారు. ఒక ఇంట్లో సగం మిగిలిన ట్యూబు గట్టిపడేలోగా పక్క ఇంటికి పనికొస్తుంది. ఇది పెద్ద లాభం. పొర విప్పిన ట్యూబు వచ్చే ఏడాదికి ఉండదు.

నా ప్రతిపాదన ఇది. ప్రతి శాఖలోనూ గల్లీకి ఒక పనిముట్ల పెట్టె పెట్టుకుందాం. అందులో ఒక మంచి గన్ను, గీకుడు కత్తి, టేపు, నిచ్చెన తాడు, రాసుకునే పుస్తకం ఉండాలి. తీసుకున్నవాడు పేరు, తేదీ రాయాలి. తుడిచి తిరిగి ఇవ్వాలి. పెట్టె ఒక అక్క ఇంట్లో ఉంటే మంచిది. ఎవరు తుడవకుండా తెచ్చారో ఆమె మొహం మీదే చెబుతుంది. భివండి పద్మానగర్‌లో ఉన్న మన సభ్యులకు ఇది మరీ అవసరం. మనకు వాన ఎక్కువగా ఆఖరులో, భాద్రపదం చుట్టూ పడుతుంది. వాళ్ళకు జూన్ మొదలు నాలుగు నెలలూ విడవదు.

"ఉమ్మడి వస్తువు ఎవరూ సరిగా చూడరు" అనేది ఇంకో అభ్యంతరం. చందాలు, సమ్మె నిధి, శవయాత్ర ఖర్చు అన్నీ ఉమ్మడిగానే చూసుకున్న వాళ్ళం. ఒక గన్నును చూసుకోలేమా?

గన్ను ఎక్కడ ఆగాలి?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. గన్ను మన చేతిలో ఉన్నంత మాత్రాన ప్రతి సందూ మన బాధ్యత కాదు.

కార్ఖానా పత్రా కారితే, "గన్ను తీసుకుని నువ్వే పైకెక్కి కొట్టెయ్" అని సేఠ్ చెప్పడం మనకు కొత్త కాదు. ఎక్కవద్దు. సిమెంటు రేకు మనిషి బరువుకు హెచ్చరిక లేకుండా పగులుతుంది. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, గీకితే, రంధ్రం చేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేతగాడి పని నేయడం. కప్పు బాగుచేయించడం యజమాని పని. దానికి తెలిసిన మనిషిని, పట్టా తాడును, నడవడానికి పలకను అతనే తేవాలి. స్టార్టరు మీద, మోటారు మీద నీళ్ళు పడుతుంటే సాంచా ఆపి శాఖకు చెప్పండి. అక్కడ సిలికాన్ కాదు, కరెంటు ప్రశ్న.

ఇల్లు అద్దెదైతే మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999 చూడండి. ఇంటిని నివాసయోగ్యంగా మరమ్మతులో ఉంచడం యజమాని బాధ్యత అని 14వ సెక్షన్ చెబుతోంది. కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చినా అతను చేయకపోతే, కిరాయిదారులు మరమ్మతు చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకోవచ్చు. అది ఆ ఏటి అద్దెలో నాలుగో వంతు దాటకూడదు. నోటీసు ఒక్కరే ఇవ్వవచ్చు, కలిసీ ఇవ్వవచ్చు. కలిసి ఇస్తే బలం.

కొత్త ఫ్లాటు అయితే 2016 నాటి రెరా చట్టం ఉంది. చిత్రంగా అందులోనూ 14వ సెక్షనే. ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో గాని పనితనంలో గాని లోపం బయటపడి మనం తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. ఐదేళ్ళ లోపు ఇంటి గోడ నుంచి చెమ్మ వస్తుంటే ఒక ట్యూబు చేతికిచ్చి "ఇది పూసుకోండి, పోతుంది" అని బిల్డరు మనిషి చెబితే సంతోషపడి తీసుకోవద్దు. అది మరమ్మతు కాదు. ముప్పై రోజుల బాధ్యతను రెండు వందల రూపాయల ట్యూబుతో తీర్చుకునే ఎత్తు.

అందుకని ఒక నియమం పెట్టుకోండి. గన్ను తీసే ముందు ఫోను తీయండి. పగులును, కారుతున్న చోటును తేదీ కనబడేలా ఫోటో తీయండి. పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది. తరువాత ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ పైన గన్ను పట్టండి. ముందే సిలికాన్ పూస్తే సాక్ష్యాన్ని మన చేత్తో మనమే పూడ్చినట్టు. గోడలో ఏటవాలుగా పోతున్న పగులు, రోజురోజుకూ వెడల్పయ్యే పగులు, స్లాబు పెచ్చులూడి ఇనుము కనబడటం — ఇవి గన్ను పని కానే కావు. పైన పూస్తే లోపల ఇనుము తింటూనే ఉంటుంది, మన కంటికి మాత్రం కనబడదు.

సోదర సోదరీమణులారా, మూయవలసిన సందును మంచి పనిముట్టుతో, సరైన మందుతో, పదిమంది కలిసి మూద్దాం. ఇంకొకరు మూయవలసిన సందును వాళ్ళ చేతనే మూయిద్దాం. ఈ రెంటికీ తేడా తెలిసిన చేతిలో ఉన్నప్పుడే గన్ను పనిముట్టు. లేకపోతే అది యజమాని బాధ్యతను మన జేబులోంచి తీర్చే యంత్రం.

పనిముట్ల పెట్టె విషయం వచ్చే గల్లీ సమావేశాల్లో చర్చకు పెడుతున్నాము. గన్ను కొనడానికి ప్రతి శాఖ నుంచి ఇద్దరిని, అందులో ఒకరు తప్పకుండా మహిళా సభ్యురాలిని, ఎన్నుకోండి. ఇద్దరూ దుకాణానికి వెళ్ళి, పదిసార్లు మీట నొక్కి, బిళ్ళ చూసి, అంకె చదివి, రసీదు తీసుకుని కొనాలి. మృగశిర దాకా ఆగవద్దు. తడిసిన గోడకు ఏ మందూ పట్టదు.


కార్యదర్శి